చెదల కుండీ

ఆ మంగళవారం పొద్దున చచ్చినదానితో కలిపి నాలుగు.

రామబ్రహ్మంగారు ఆ కోడిపిల్లని కాలు పట్టుకుని ఎత్తారు. చేతిలో ఏమీ లేనంత తేలిగ్గా ఉంది. తోక కింద ఈకలకి సున్నం పూసినట్టు తెల్లటి రెట్ట ఎండిపోయింది. మిగిలిన ఇరవై ఆరూ నీళ్ల గిన్నె చుట్టూ మూగి, తాగినవే మళ్లీ తాగుతున్నాయి. శివరాత్రి దాటి ఎండలు ముదిరాయి కదా, దాహం వేసి ఉంటుందిలే అనుకున్నారాయన. అలా అనుకోవడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. కాకినాడ కలెక్టరేట్లో ముప్ఫై మూడేళ్లు ఫైళ్లు నడిపిన మనిషి, ఏ కాగితం ముందు పెట్టినా ఏదో ఒక కారణం కనిపెట్టి కింద సంతకం చేసేయడం చేతికి అలవాటైపోయింది.

నార్సింగిలో కొడుకు అవినాష్ కొనుక్కున్న ఫ్లాటుకి మకాం మార్చాక ఆయనకి సంతకం పెట్టే పని లేకుండా పోయింది. పిల్లలకి గుడ్డు ఎక్కడినుంచి వస్తుందో తెలియాలని అపార్టుమెంటు కమిటీవాళ్లు కోళ్లు పెంచుదామనుకున్నప్పుడు అందుకే అందరికంటే ముందు చెయ్యెత్తారు. క్లబ్‌హౌస్ వెనక, మురుగునీరు శుద్ధిచేసే ప్లాంటు గోడ పక్కన, జాలీ కట్టించి రేకుల షెడ్డు వేయించారు. రాజేంద్రనగర్ కోళ్ల ఫారం నుంచి ముప్ఫై పిల్లల్ని తెప్పించారు. బోనాల నాటికి మన కోళ్ల గుడ్లు మనమే తింటామని నాలుగు టవర్ల వాట్సాప్ గ్రూపులో ప్రకటించేశారు కూడా. మనవరాలు రసజ్ఞ ముప్ఫైకీ ముప్ఫై పేర్లు పెట్టింది. ఏ పేరు దేనిదో ఆ పిల్లకే తెలియదు.

దాణా ఆయనే స్వయంగా వెళ్లి తెచ్చారు. కొట్టువాడు ఎన్ని రోజుల పిల్లలు సార్ అని అడిగితే, అవన్నీ గుడ్లకేనయ్యా, గుడ్ల కోళ్ల దాణా ఇవ్వు, ఉన్నవాటిలో మేలైంది ఇవ్వు అన్నారు. దాని వెనక ఆయన లెక్క ఆయనకుంది. భార్య సుబ్బలక్ష్మిగారి మోకాళ్లు అరిగిపోతే ఎముకల డాక్టరు, చిన్నప్పటినుంచీ కాల్షియం పడి ఉంటే ఈ బాధ ఉండేది కాదన్నాడు. ఆ మాట ఆయన మనసులో నాటుకుపోయింది. మనిషికైనా కోడికైనా ఎముక ఎముకే కదా! దాణాలో కాల్షియం ఉన్నా చాలదని రోజూ పొద్దున స్టీలు గ్లాసుతో కొలిచిన దాణా మీద రెండు చెంచాల ఆల్చిప్పల పొడి చల్లి, చేత్తో కలిపి మరీ పెట్టేవారు. మనవరాలికి పాలల్లో పొడి కలిపేటప్పుడు కూడా ఆయన అంత శ్రద్ధ చూపించలేదు.

చచ్చిన పిల్లని న్యూస్ పేపర్లో చుడుతుంటే షెడ్డు వెనకనుంచి టకటకమని చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకి, అంతవరకు కునికిపాట్లు పడుతున్న పిల్లలతో సహా అన్నీ ఒక్కసారిగా అటు పరిగెత్తాయి.

వెళ్లి చూస్తే హౌస్‌కీపింగ్ సత్తెమ్మ గొంతుక్కూచుని ఉంది. నీలంరంగు యూనిఫాం కోటు చేతులు మోచేతులదాకా మడిచింది. ఆమె చేతిలో అంచు పగిలిన పూలకుండీ, దాన్నిండా తడిసిన అట్టముక్కలు ఉన్నాయి. డెలివరీ డబ్బాల అట్టలు, వాటిమీద అడ్రసుల కాగితాలు కూడా ఇంకా అలాగే ఉన్నాయి. కుండీని జాలీ లోపలికి వంచి అరచేత్తో తడుతోంది. తట్టినప్పుడల్లా తెల్లటి పురుగులు గుప్పెళ్లుగా రాలుతున్నాయి. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తింటున్నాయి.

రామబ్రహ్మంగారు ఒక అడుగు వెనక్కి వేశారు. ఇవేమిటని అడిగారు.

"చెదలు సారూ," అంది సత్తెమ్మ లేచి నిలబడి. ఆమె ముఖంలో దొరికిపోయానన్న భయం లేదు, పైగా కాస్త గొప్పగా చెప్పింది. "మా పరిగి దిక్కు కోడిపిల్లలకు గివే పెడ్తరు. మాపటీలి కుండ బోర్లేస్తే తెల్లారేసరికి నిండుతయి. మంచిగ బలమొస్తది."

ఎన్నాళ్లనుంచి పెడుతున్నావంటే పది దినాలాయె అంది. మొదటి పిల్ల చచ్చి ఎనిమిది రోజులు. అంతే, రామబ్రహ్మంగారికి కారణం దొరికిపోయింది. ఎవరిని అడిగి పెట్టావు, మురుగునీళ్ల గోడ పక్క పురుగులు ముక్కుపచ్చలారని పిల్లలకి పెడతావా అని కేకలేశారు. సత్తెమ్మ తల వంచుకుని అన్నీ విన్నది. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు మాత్రం మెల్లగా ఒక మాట అంది.

"సారూ, కోపం జెయ్యకుండ్రి. గా సంచి దాణ తినబట్టినంకనే గిట్ల నీళ్లకు ఎగబడుతున్నయి. నాకు సదువు రాదు గని, జర ఆ సంచి మీది బొమ్మ చూడుండ్రి. పెట్ట గుడ్ల మీద కూసున్నది. గివి ఇంక పిల్లలాయె."

బొమ్మ చూడమంటుంది! ఎక్స్‌పైరీ తేదీ చూడకుండా అగ్గిపెట్టె కూడా కొనని మనిషిని పట్టుకుని, తుడుపుకర్ర పట్టే మనిషి, సంచి మీది బొమ్మ చూడమంటుంది! రామబ్రహ్మంగారు ఫోను తీసి ఆ కుండీని, చెదల్ని, ఆమెని కలిపి ఫొటో తీశారు. ఫొటో ఎందుకు తీస్తున్నారో అర్థంకాక ఆమె కోటు చేతులు కిందికి దించుకుని సరిగ్గా నిలబడింది.

లిఫ్టులో ఉండగానే గ్రూపులో పెట్టేశారు. 'హౌస్‌కీపింగ్ సత్తెమ్మ అనుమతి లేకుండా మన కోడిపిల్లలకు పురుగులు పెడుతోంది. నాలుగు పిల్లలు మరణించాయి. ప్లాంటు గోడ వెంట చెదలు ఉన్నట్లు కూడా తేలింది. రెండింటిపైనా తక్షణ చర్య కోరడమైనది.' రాసి మళ్లీ చదువుకుంటే చాన్నాళ్లకి ఫైలు మీద మంచి నోటు రాసిన తృప్తి కలిగింది.

తక్షణమే జరిగింది. మెయింటెనెన్స్ చూసే రవికిరణ్ ఏజెన్సీకి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి సత్తెమ్మని వ్యాన్ ఎక్కించి వేరే సైటుకి పంపేశారు. నాలుగింటికి ముక్కులకి గుడ్డలు కట్టుకున్న ఇద్దరు మనుషులు వచ్చి ప్లాంటు గోడ పొడుగునా మట్టికి రంధ్రాలు వేసి చెదలమందు పోశారు. సాయంత్రానికి మూడో టవర్లో ఆ పురుగులు కాస్తా విషమైపోయాయి. కోడిపిల్లలకి విషం పెట్టిందట అని ఎవరో రాస్తే, అయ్యో అని ఎందరో బొమ్మలు పెట్టారు. విషం కాదని రాయడానికి రామబ్రహ్మంగారికి అరనిమిషం పట్టేది. చెప్పిన మాట వెనక్కి తీసుకున్నట్టవుతుందని ఊరుకున్నారు.

ఈ గొడవంతటిలోనూ సుబ్బలక్ష్మిగారు మాత్రం ఒకటే అడిగారు. "ఏవండీ, మరి సంధ్య సంగతేమవుతుంది?"

సంధ్య సత్తెమ్మ కూతురు. ఇంటరు పాసయింది. కమ్యూనిటీలోనే ఉన్న పసిపిల్లల క్రెష్‌లో ఆయాగా సోమవారం నుంచి చేరాలి. ఆ మాట సాయం చేసింది సుబ్బలక్ష్మిగారే. తన బిడ్డ తనలా బాత్రూములు కడగదని, కుర్చీలో కూచునే కొలువు చేస్తదని సత్తెమ్మ కిందటి వారమంతా కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంది. వాచ్‌మన్ ఓదెలుకైతే మూడుసార్లు చెప్పింది. దానికీ దీనికీ సంబంధం ఏమిటని రామబ్రహ్మంగారు విసుక్కున్నారు.

*

సత్తెమ్మ వెళ్లిపోయింది, చెదలూ పోయాయి. ఇక పిల్లలు కోలుకోవాలి. బుధవారం రెండు చచ్చాయి.

పాత విషం ఇంకా ఒంట్లో ఉంటుందిలే అనుకున్నారాయన. మొదట పురుగులన్న ఆయనే, తనకి తెలియకుండానే ఇప్పుడు విషమంటున్నారు. దాణా ఇంకో గ్లాసు పెంచారు, ఆల్చిప్పల పొడి మూడు చెంచాలు చేశారు. గురువారం మూడు చచ్చాయి. శుక్రవారం నాలుగు. పొద్దునే షెడ్డు తలుపు తీసేముందు ఆయన బయటే నిలబడి లోపలి చప్పుడు వింటున్నారు. బతికి ఉన్నవి కూడా రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని, మెడ లోపలికి లాక్కుని నిలబడుతున్నాయి. నీళ్ల గిన్నె రోజుకి నాలుగుసార్లు నింపాల్సి వస్తోంది. రసజ్ఞ షెడ్డు దగ్గరికి రావడం మానేసింది. రావద్దని ఎవరూ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం క్రెష్ నడిపే ఆవిడ సుబ్బలక్ష్మిగారికి ఫోన్ చేసింది. హాల్లో పేపరు చదువుకుంటున్న రామబ్రహ్మంగారికి మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి మంచిదే కావచ్చుగానీ ఆంటీ, తల్లులు ఒప్పుకోవడం లేదు, కోడిపిల్లలకి ఏదో పెట్టినవాళ్ల పిల్ల చేతిలో పాలసీసా ఎలా పెడతామంటున్నారు, ఇంకో అమ్మాయిని తీసేసుకున్నాం, ఏమీ అనుకోకండి అంటోంది. సుబ్బలక్ష్మిగారు ఫోన్ చేత్తో మూసి భర్త వైపు చూశారు. ఆయన ఒక్క మాట అంటే చాలు, చెబుతానన్నట్టు చూశారు.

రామబ్రహ్మంగారు పేపరు మడత విప్పి, చదివేసిన పేజీనే మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ వచ్చి ఎదురుగా కూచుని మోకాళ్లు రాసుకుంటూ అన్నారు. "సత్తెమ్మ చెదలు పెట్టడం ఆపి అయిదు రోజులైందండీ. అప్పుడు ఎనిమిది రోజుల్లో నాలుగు పోయాయి. ఇప్పుడు రోజుకే నాలుగు పోతున్నాయి. నాకు లెక్కలు రావు, మీకొచ్చు కదా."

ఆయనకి లెక్కలొచ్చు. శుక్రవారమే ఆ లెక్క చేసుకున్నారు. చేసుకుని, చేయనట్టు ఊరుకున్నారు.

*

సోమవారం పొద్దున చచ్చిన రెండు పిల్లల్ని అవినాష్ బూట్ల డబ్బాలో పెట్టుకుని పశువుల దవాఖానకి వెళ్లారు. డాక్టరు శ్రీలత అనే అమ్మాయి, అవినాష్ కంటే చిన్నదే. ముందు కుక్కకి సూది వేసి, చేతులు కడుక్కుని వచ్చి, ఒక పిల్లని టైల్స్ గట్టుమీద వెల్లకిలా పరిచి కత్తెరతో పొట్ట తెరిచింది. రామబ్రహ్మంగారు ముఖం తిప్పుకోబోతే, ఇటు చూడండి సార్, ఇది మీరు చూడాలె అంది.

గుండె మీద, కాలేయం మీద తెల్లగా ఉంది, బడిలో బోర్డు తుడిచిన సుద్దపొడి రాలినట్టు. వేలితో గీస్తే గీత పడింది.

"మూత్రపిండాలు పాడైనయి సార్. ఏం దాణా పెడుతున్నారు?"

ఆయన ఫోన్లో సంచి ఫొటో చూపించారు. రోజూ ఆల్చిప్పల పొడి కూడా కలుపుతున్నానని, అదీ ఏదో గొప్పలా కాక, చెప్పకపోతే బాగుండదన్నట్టు చెప్పారు. డాక్టరమ్మ ఫొటో చూసింది, ఆయన్ని చూసింది. ఆమె గొంతు పెంచలేదు. పెంచినా ఆయనకి అంత బాధ ఉండేది కాదు.

ఇది గుడ్లు పెట్టే కోళ్ల తిండి అంది. అందులో సున్నం గుడ్డు పెంకు కోసం. గుడ్డే లేని ఏడు వారాల పిల్ల ఆ సున్నాన్ని ఏం చేసుకుంటుంది, దాన్ని బయటికి తోయలేక మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఒంట్లో మలినం ఇట్లా తెల్లగా గుండె మీద పేరుకుంటుంది. పెరిగే పిల్లకి కావాల్సింది ఒళ్లు పెరగడానికి మాంసకృత్తులు, ఎముకకి తగినంత సున్నం, కాస్త ఆకుకూర, ఒంటికి ఎండ. ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. ఇవాళే ఈ దాణా ఆపేసి పిల్లల దాణా పెట్టమని, ఆ పొడి పారేయమని చీటీ రాసిచ్చింది.

రామబ్రహ్మంగారు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. లేవలేదు. చివరికి ఆ ప్రశ్న అడిగారు. "డాక్టరుగారూ, చెదలు తింటే చచ్చిపోతాయాండీ?"

డాక్టరమ్మ ముఖం విప్పారింది. "చెదలా? ఎవరు పెట్టిన్రు సార్? మా నానమ్మ పెట్టేది. అంత మంచి తిండి కొందామన్నా దొరకదు. చెదలతోని కడుపు నిండితే ఆ మేరకు ఈ దాణా తక్కువ తిన్నట్టే కదా. కొన్ని ఇన్నాళ్లు బతికినయంటే అందుకే కావచ్చు."

దవాఖాన బయట సిమెంటు బెంచీ మీద ఆయన చాలాసేపు కూచున్నారు. బూట్ల డబ్బా ఒళ్లో ఉంది. కొట్టువాడు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది, ఎన్ని రోజుల పిల్లలు సార్ అని. సత్తెమ్మ చూడమన్న బొమ్మ గుర్తొచ్చింది. చదువు రాని మనిషి చూసింది, చదువొచ్చిన తను చూడలేదు. రోజూ పొద్దున్నే లేచి, ప్రేమగా కొలిచి, చేత్తో కలిపి మరీ తనే పెట్టాడు. ఆ పిల్లలు నమ్మి తిన్నాయి. ఆయనకి ఏడుపొచ్చింది.

ఇంత తెలిశాక కూడా ఆ సాయంత్రం ఆయన గ్రూపులో రాసింది ఇదీ: 'పశువైద్యుల సలహా మేరకు దాణా మార్చడమైనది.' ముప్ఫైమంది బొటనవేలు పైకెత్తారు. రాత్రి అన్నం ముందు కూచుని ఆ సంగతంతా చెబితే సుబ్బలక్ష్మిగారు తిట్టలేదు. మజ్జిగ పోసి, చెంచా పక్కన పెట్టి, ఆ పిల్ల కొలువు పోయింది కదండీ అన్నారు.

*

బుధవారం నాడు సత్తెమ్మ ఎక్కడుందో ఓదెలు చెప్పాడు. కొత్తగూడలో ఆడపిల్లల హాస్టల్, నాలుగింటికి డ్యూటీ దిగుతుంది. ఇక్కడికైతే ఖాజాగూడ నుంచి ఆమె ఒక్క ఆటోలో వచ్చేదని, ఇప్పుడు రెండు బస్సులు మారాల్సి వస్తోందని కూడా చెప్పాడు. అడక్కుండానే చెప్పాడు. గేటు దగ్గర ఎప్పుడూ పెట్టే నమస్కారం ఆ వారమంతా ఆయనకి కాస్త పొట్టిగానే పెడుతున్నాడు.

ఫ్లైఓవర్ నీడలో బస్టాపు దగ్గర ఆయన అరగంట నిలబడ్డారు. సత్తెమ్మ టిఫిన్ సంచీతో రోడ్డు దాటి వచ్చింది. ఆయన్ని చూసి ఆగింది. ఆమే ముందు నమస్తే పెట్టింది. బాత్రూములు కడిగే మందుకి వేళ్ల చివర్లు తెల్లబడి చర్మం లేచిపోయింది.

"పిల్లలెట్లున్నయి సారూ?" అంది.

ఈ ప్రశ్న అడుగుతుందని ఆయన అనుకోలేదు.

"ఏడు మిగిలాయమ్మా."

"ఏడేనా?" సత్తెమ్మ బస్టాపు గట్టుమీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు బస్సులు వచ్చే వైపు చూసింది.

ఆయన ఆమె పక్కనే, కాస్త ఎడంగా కూచుని అంతా చెప్పారు. దాణా సంగతీ, పొడి సంగతీ, గుండె మీది సుద్ద సంగతీ, డాక్టరమ్మ చెదల గురించి అన్న మాటా. నువ్వు చెప్పినా వినలేదు, తప్పు నాదేనమ్మా అన్నారు. అరవై ఎనిమిదేళ్లలో ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు వచ్చిందో చెప్పడం కష్టం. ఆఫీసులో ఒక్కసారీ రాలేదు. రవికిరణ్‌తో మాట్లాడి మళ్లీ అక్కడికే తీసుకొస్తానన్నారు.

"నా ముచ్చట ఇడిసిపెట్టుండ్రి సారూ. నాకు ఏడ జేసినా గదే పని," అంది సత్తెమ్మ. "మా సంధ్య ఏడ్సి ఏడ్సి అన్నం మానింది. దాన్ని విషం పెట్టేటోళ్ల బిడ్డ అన్నరట. మీరు గా ఫోన్లనే రాసిన్రు గద. గా ఫోన్లనే రాయుండ్రి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని అక్కడే రాశారు. రాసి చదివి వినిపించారు. 'దాణా ఎంపికలో జరిగిన పొరపాటు వల్లనే కోడిపిల్లలు మరణించాయనీ, ఇందులో హౌస్‌కీపింగ్ సిబ్బంది తప్పేమీ లేదనీ తెలియజేయడమైనది.'

సత్తెమ్మ శ్రద్ధగా విన్నది. ఇంకోసారి చదవమంది. చదివారు.

"గా రాసినదాంట్ల నా పేరేది సారూ?" అంది. "తప్పు జేసిందన్ననాడు సత్తెమ్మ అని రాసిన్రు. ఇయ్యాల నేను సిబ్బంది అయిన్నా?"

రామబ్రహ్మంగారు ఫోను వైపు చూశారు. ఆమె పేరే కాదు, తన పేరూ అందులో లేదు. ముప్ఫై మూడేళ్ల చేతి అలవాటు అది, ఎక్కడా మనిషి దొరకకుండా రాయడం. మొత్తం చెరిపేశారు. మళ్లీ రాశారు. 'తప్పు దాణా తెచ్చి పిల్లల్ని చంపుకున్నది నేను, రామబ్రహ్మం. ఆ దాణా మంచిది కాదని సత్తెమ్మ చెప్పింది, నేను వినలేదు. ఆమె పెట్టిన చెదల వల్లే ఏడు పిల్లలైనా బతికాయి. ఆమెకీ ఆమె కూతురు సంధ్యకీ నేను అన్యాయం చేశాను.' చదివి వినిపించి, ఆమె తలూపాక పంపేశారు.

బస్సు వచ్చింది. సత్తెమ్మ సంచీ భుజానికి తగిలించుకుని మెట్టుమీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "ఏడింటికన్న చెదలు పెట్టుండ్రి సారూ. ఆ కుండీ షెడ్డు ఎనక్కే ఉన్నది. అట్టముక్కలు తడిపి గోడ మూలకు బోర్లేయుండ్రి, తెల్లారేసరికి నిండుతయి." కోపం లేకుండా, మనసారా చెప్పింది. ఆ గోడకి ఏం చేయించారో ఆయనకి గుర్తు రాలేదు. సరేనమ్మా అన్నారు.

*

గ్రూపులో దండాల బొమ్మలు చాలా వచ్చాయి. క్రెష్ ఆవిడ సుబ్బలక్ష్మిగారికి ఫోన్ చేసి, అయ్యో తెలియక అలా జరిగింది ఆంటీ, కానీ కొత్త అమ్మాయి చేరి మూడు రోజులైంది కదా అంది. సత్తెమ్మ స్థానంలో వచ్చినామెని తీసేయడం కుదరదని రవికిరణ్ చెప్పాడు. కొత్త బ్యాచ్ పిల్లలు ఎప్పుడొస్తాయి అంకుల్ అని రెండో టవర్‌నుంచి ఎవరో అడిగారు.

రామబ్రహ్మంగారు అట్టముక్కలు నానబెట్టారు. షెడ్డు వెనక పడి ఉన్న కుండీ దులిపి, వాటిని కూరి, గోడ మూల బోర్లించారు. తెల్లారి వెళ్లి తీసి చూస్తే ఒక్క చెదపురుగూ లేదు. సరిగ్గా తడపలేదేమో అనుకుని, మళ్లీ తడిపి పెట్టారు. రెండో రోజూ లేదు. మూడో రోజు వంగి కుండీ ఎత్తుతుంటే, గోడ పొడుగునా మట్టిలో జానెడు జానెడు దూరంలో రంధ్రాలు కనిపించాయి. ఆ పైన సిమెంటు రంగు మందు మరకలు ఉన్నాయి. రెండింటిపైనా తక్షణ చర్య కోరిందెవరో అప్పుడు గుర్తొచ్చింది. ఇక ఆ గోడ దగ్గర చెదలు పుట్టవు.

అట్టముక్కలు చెత్తబుట్టలో వేసేశారు. కుండీకి అంటిన మట్టి రాలడానికి బోర్లించి అరచేత్తో రెండుసార్లు తట్టారు.

ఆ చప్పుడుకి ఏడు పిల్లలూ కొత్త దాణా వదిలేసి పరిగెత్తుకొచ్చాయి. జాలీకి ముక్కులు ఆనించి, మెడలు చాచి, ఆయన చేతిలోని కుండీ వైపే చూస్తూ నిలబడ్డాయి.

"ఏమీ లేవర్రా," అన్నారు రామబ్రహ్మంగారు.

అవి కదల్లేదు.